జాజికాయ పాలు, ఒక క్వార్టర్ రమ్ము

కర్నూల్లో 22 ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. మందు షాపు మెట్లు మాత్రం పోయిన డిసెంబరు 21 దాకా ఎక్కలేదు. రెంటికీ మధ్య ఒక్క 'ల' తేడా. మా ఇంట్లో ఆ 'ల' చాలా పెద్దది.

మా నాయన బాప్టిస్టు సంఘంలో డీకన్‌గా ఉండి పోయినాడు. అమ్మకు ఇప్పుడు 76. చర్చిలో రొట్టె, రసం పంచుకునే ప్రభువు బల్లలో కూడా ద్రాక్షరసమే తప్ప వైను వాడని సంఘం మాది. తాగడం తప్పని మా తాతలకు నేర్పింది అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలే. అదే అమెరికా నుంచి, న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలి కొడుకు రెండేళ్ళ తర్వాత పండక్కి వచ్చి, కజ్జికాయ కొరుకుతూ చల్లగా చెప్పాడు. "మామా, ఈసారి 24 రాత్రి క్యారల్స్ అయిపోయినాక అందరికీ ఎగ్‌నాగ్ పోద్దాం."

కజ్జికాయలు వత్తడానికి సాయం వచ్చిన పక్కింటి ఆమె తలెత్తి చూసింది. "ఎగ్గు నాగు ఏందిరా? నాగుల చవితి ఎప్పుడో పోయింది కదా" అంది. పుట్టలో గుడ్డు వేసే పండగ గుర్తొచ్చినట్టుంది ఆమెకు. ఇంట్లో అందరం ఒక పది నిమిషాలు అదే పనిగా నవ్వాం. ఆ నవ్వులో అసలు సంగతి కాస్త పక్కకు పోయింది. మావాడికి కావలసింది కూడా అదే.

సంగతేమిటంటే, ఎగ్‌నాగ్ అంటే పాలు, మీగడ, గుడ్డు పచ్చసొన, చక్కెర, పైన జాజికాయ. చిక్కగా, చల్లగా ఉంటుంది. పెద్దవాళ్ళ గ్లాసులో రమ్మో బ్రాందీయో విస్కీయో పడుతుంది. పాతకాలం ఇంగ్లండులో వేడి పాలలో వైనో బీరు లాంటిదో పోసి, విరిగిన పాలనే మసాలా వేసి తాగేవాళ్ళట, దాన్ని పాసెట్ అనేవాళ్ళు. దాని నుంచే ఇది వచ్చిందంటారు. అమెరికా వలసల్లో ఇంటింటా పాడీ కోళ్ళూ ఉండేవి, కరీబియన్ దీవుల రమ్ము చవగ్గా దొరికేది, రెండూ కలిశాయి. ప్యూర్టోరికో వాళ్ళు కొబ్బరిపాలు పోసి కోకీటో అంటారు, మెక్సికో వాళ్ళు రోంపోపే అంటారు. మావాడుండే చోట నవంబరు నుంచే అట్టడబ్బాల్లో అమ్ముతారట. "డబ్బాది నాకు నచ్చదు మామా, తీపి తప్ప ఏముండదు. మనింటి ఎనుముల పాలతో చేస్తే ఎట్లుంటాదో చూడాల" అన్నాడు. ఎనుముల పాలనేసరికి అమ్మ చెవి ఇటు పడింది.

అమ్మకు చెప్పక తప్పలేదు. రమ్ము సంగతి దాచి చేద్దామని మా బావ సలహా ఇచ్చాడు కానీ, 76 ఏళ్ళ మనిషిని పండగ పూట మోసం చేయడం నాకు ఇష్టం లేకపోయింది. అంతా విని అమ్మ కాసేపు పిండి చేతులతో అట్లాగే కూర్చుంది. తర్వాత ఒకే మాట చెప్పింది. "పాలు, గుడ్లు, జాజికాయ దాకా నా పొయ్యి. ఆ తర్వాతది నా పొయ్యి మీద వద్దు, నా వంటింట్లో వద్దు. మిద్దె మీదికి పోయి ఏమన్నా చేసుకోండి."

ఆ మాట నేను భక్తి సంగతిగానే తీసుకున్నాను. వంట సంగతి కూడా అదేనని రెండు రోజుల తర్వాత తెలిసింది.

ముందు సరుకు. జాజికాయ కోసం కొండారెడ్డి బురుజు దాటి పాతబస్తీలోకి పోయినాను. మసాలా అంగడాయన పొడి ఇవ్వబోతే వద్దని కాయలే తీసుకున్నాను. పొడిచేసి ఉంచిన జాజికాయకు వాసన త్వరగా పోతుంది. కాయ కాయగా ఉంటే ఏళ్ళు ఉంటుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ కదిలే కాయలు కాక, పెంకు తీసినవి తెచ్చుకుంటే పని తేలిక. ఆ పెంకును ఎర్రటి వలలా చుట్టుకుని ఉండేదే జాపత్రి. ఒకే పండులో రెండు మసాలాలు.

ఇంటికొచ్చి ఈ కాయల గురించి మావాడికి ఒక కథ చెప్పాను. నాకు చరిత్ర పిచ్చి కొంచెం ఉంది, షాపులో గిరాకీ లేని మధ్యాహ్నాల్లో అదే పని. ఒకప్పుడు జాజికాయ ఇండోనేషియాలోని బాండా దీవుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా పండేది కాదు. అందులో రన్ అనే చిన్న దీవి ఇంగ్లీషువాళ్ళదని, కాదు డచ్చివాళ్ళదని ఏళ్ళ తరబడి కొట్లాట. చివరికి 1667లో బ్రెడా ఒప్పందంలో రన్ దీవి డచ్చివాళ్ళకు ఉండిపోయింది, వాళ్ళ దగ్గర నుంచి ఇంగ్లీషువాళ్ళు అంతకుముందే లాక్కున్న మాన్‌హటన్ ఇంగ్లీషువాళ్ళకు ఉండిపోయింది. మావాడు రోజూ ఆఫీసుకు రైల్లో పోయేది ఆ మాన్‌హటన్‌కే. వాడు జాజికాయను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఎంతిచ్చినావు మామా దీనికి?" అన్నాడు.

రమ్ము కొనడం ఇంత హాయిగా జరగలేదు. ఎండ పొద్దున పోతే ఎవరన్నా చూస్తారని చీకటి పడ్డాక పోయినాను. తెలివితక్కువ పని, జనం ఉండేది చీకటి పడ్డాకే. వరసలో నిలబడి, నా వంతు రాగానే మందుచీటీ చదివినట్టు "డార్క్ రమ్ము, 180 ఎం.ఎల్., ఒకటి" అన్నాను. కౌంటర్లో కుర్రాడు "క్వార్టరా?" అని అడిగి, వెనకనుంచి ఓల్డ్ మాంక్ తీసి పెట్టాడు. చిల్లర తీసుకుంటుంటే వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది. నాకు తెలిసిన ముఖమే. "అన్నా, మీరు యాడ ఇక్కడ! మా నాయన షుగర్ మాత్రలకు రావాల, షాపు తెరిచే ఉందా?" తెరిచే ఉందన్నాను. మరుసటి రోజు సాయంత్రానికి నా షాపుకు వచ్చిన నలుగురు, మాత్రలు తీసుకుని, కొంచెం ఎక్కువ ప్రేమగా "ఆరోగ్యం బాగుందా అన్నా?" అని అడిగి పోయినారు.

మద్యానికీ మా ఊరికీ ఉన్న లెక్క చిన్నది కాదు లెండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయింది. ఆ రోజుల్లో గుడారాల్లో ఆఫీసులు నడిచేవని నాయన చెప్పేవాడు. ఇప్పటికీ ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని పిలుచుకునే పేటలు ఆ కాలానివే. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఏడాది తిరిగిందో లేదో, 1954 నవంబరులో, మద్యనిషేధం మీద వచ్చిన గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నా సంచిలో ఉన్న ఆ రమ్ము మార్కెట్లోకి వచ్చింది కూడా 1954లోనే. దీనికి మావాడు తన లెక్క ఒకటి కలిపాడు. 1826 క్రిస్మస్ ముందు రాత్రి అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో కుర్రాళ్ళు దొంగచాటుగా విస్కీ తెచ్చి ఎగ్‌నాగ్‌లో కలుపుకుని, కిటికీలు పగలగొట్టి, కొట్టుకునేదాకా పోయారట. దాన్ని ఎగ్‌నాగ్ అల్లరి అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవన్నీ అమ్మ వినేలా మాట్లాడటం మాది పొరపాటు. "చూసినారా మరి" అంది.

22 రాత్రి మొదటి ప్రయత్నం. ఇంట్లో ఆడవాళ్ళందరూ చర్చిలో సెమీ క్రిస్మస్‌కు పోయినారు. నేనూ మావాడూ వంటింట్లో. అర లీటరు పాలు, మూడు పచ్చసొనలు. పాలంటే పొంగు రావాలని కదా మన లెక్క. పొంగు రానిచ్చాను. బుడబుడా కాగుతున్న పాలలో గిలక్కొట్టిన పచ్చసొన పోశాను. లెక్క పెట్టి మూడు సెకన్లు. పసుపుపచ్చ ముక్కలు పైకి తేలాయి. తిప్పినకొద్దీ ఇంకా చిన్న ముక్కలు అయ్యాయి గానీ కలవలేదు. మావాడు ఫోన్లో వీడియో వెనక్కి తిప్పి, "మెల్లగా పోయమన్నాడు మామా" అన్నాడు. వచ్చి చూసి మా ఆవిడ అన్న మాట ఇది: "ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ వేస్తే గుడ్డు పొరటు. పాలెందుకు దండగ చేసినారు?"

తప్పు ఎక్కడో నాకు అర్థమైంది. పచ్చసొన పాలలో 70 డిగ్రీల చుట్టుపక్కల చిక్కబడడం మొదలవుతుంది. 80 దాటి ఇంకా పోనిస్తే గడ్డకడుతుంది. మధ్యలో ఉన్న ఆ సందులోనే పని ముగించాలి. అట్లాగని వేడి చేయకుండా పచ్చిగా వదిలేయడం నాకు ఒప్పుకోలేదు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు, 71 డిగ్రీల వేడి తగిలితే ఆ భయం పోతుంది. రమ్ము పోస్తే క్రిములు చస్తాయిలే అని కొందరు పచ్చి గుడ్డుతోనే కలిపేస్తారు. మేం కలిపేపాటి రమ్ముకు ఆ పని చేతకాదు. థర్మామీటరు వాడదామంటే నా షాపులో ఉండేవన్నీ జ్వరానివి, 42 దగ్గర ఆగిపోతాయి.

రెండో ప్రయత్నం 23 రాత్రి. ఈసారి సగం నెగ్గాం. పాలు పొంగు రాకముందే దించి, చక్కెరతో తెల్లబడేదాకా గిలక్కొట్టిన పచ్చసొనలోకి ఒక్కొక్క గరిటె వేడి పాలు పోస్తూ తిప్పాం. అంటే గుడ్డును పాలలో వేయడం కాదు, పాలను గుడ్డులో వేయడం. దాని వేడికి గుడ్డు కాస్త అలవాటు పడ్డాక మొత్తం మళ్ళీ సిమ్ములో పొయ్యి మీదికి. చిక్కబడింది. ముక్కలు లేవు. ఆ సంబరంలో, అమ్మ నిద్రపోయిందనే ధైర్యంతో, నేను సీసా మూత తిప్పి వేడి గిన్నెలోనే రమ్ము పోసేశాను, పొయ్యి పక్కనే.

ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది. దాదాపు అంత వేడిగా ఉన్న పాలలో పోస్తే ఏమవుతుంది? భుస్సుమని ఘాటు ఆవిరి లేచి కళ్ళలో కొట్టింది. గిన్నె అంచుల వెంట పాలు సన్నసన్నగా విరిగినట్టయ్యాయి. వాసన వంటింటి నుంచి హాల్లోకి, హాల్లోంచి అమ్మ గదిలోకి పోయింది. లైటు వెలిగింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తిట్టలేదు. గిన్నెలోకి తొంగి చూసి, "పాలు విరిచినావు" అని మాత్రం అంది, పోయి పడుకుంది. నన్ను తాగుబోతు అని ఉంటే అంత బాధ ఉండేది కాదు.

రుచి చూస్తే కూడా ఏదో నాటు మందులా ఉంది. రమ్ములో ఉండే ఆ మంచి వాసన, కాలిన చక్కెర వాసన, వెనిలా వాసన, అంతా గాల్లో పోయింది. చేదు మాత్రం గిన్నెలో మిగిలింది. సింకులో పారబోశాను. ఆ సీసా అక్కడితో సరి, 24 పొద్దున మా బావ పోయి ఇంకో క్వార్టర్ తెచ్చాడు. ఆయనకు మొహమాటం లేదు.

ఇక 24 మధ్యాహ్నం. బిర్యానీ మసాలా, కేకులు, పిల్లల కొత్త బట్టలు, ఇంటి ముందు వెలగని స్టారు, వీటన్నిటి మధ్య అమ్మ తనే వచ్చి పొయ్యి ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. "ఇట్లియ్యి" అని గరిటె తీసుకుంది.

పాలు ఒక లీటరు, ఎనుముల పాలే. అందులో రెండు అంగుళాల దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, దంచిన యాలకులు నాలుగు వేసి సన్న సెగ మీద పావుగంట ఉంచింది. పొంగు రానివ్వలేదు. మావాడి అమెరికా లెక్కలో పాలెంతో క్రీము దాదాపు అంత పడుతుంది. మన ఎనుముల పాలలో వెన్న ముందే ఎక్కువ కాబట్టి ఫ్రెష్ క్రీము 100 మి.లీ. చాలన్నాను. అది చివర్లో, చల్లారాక. చక్కెర 125 గ్రాములు. బెల్లం వేస్తే రంగు బాగుంటుందని నేనన్నాను. అమ్మ గరిటె ఎత్తి చూపించింది. వేడి పాలలో బెల్లం వేస్తే విరుగుతాయని మా ఇంట్లో ఐదేళ్ళ పిల్లకు కూడా తెలుసు, నేనే మరిచిపోయినాను.

ఆరు గుడ్ల పచ్చసొన వేరు చేయడం మా ఆవిడ పని. మావాడు పెంకు చిప్పల్లో అటూ ఇటూ మార్చబోయి ఒకటి పగలగొట్టాడు. మా ఆవిడ గుడ్డును అరచేతిలోకి పగలగొట్టి వేళ్ళు కొంచెం విప్పింది. తెల్లసొన వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది, పచ్చసొన గుండ్రంగా చేతిలోనే కూర్చుంది. ఆరూ అరనిమిషంలో అయిపోయినాయి. తెల్లసొన రాత్రి ఆమ్లెట్లకు పోయింది.

జాజికాయ దగ్గర చిన్న తగువు. మావాడు సన్న పళ్ళ తురుము పలక కావాలని ఇల్లంతా వెతుకుతున్నాడు. అమ్మ దేవదారు పెట్టెలోంచి సానరాయి తీసుకొచ్చింది. మేం పసిపిల్లలుగా ఉన్నప్పుడు జాజికాయ, వస కొమ్ము అరగదీసి నాకించిన రాయే అది, మధ్యలో గుంట పడి ఉంది. దాని మీద రెండు చుక్కల పాలు వేసి, కాయను గుండ్రంగా తిప్పుతూ అరగదీసింది. లేత ఇటుక రంగు ముద్ద వచ్చింది. వేలితో తీసి పాలలో వేస్తే అట్లాగే కరిగిపోయింది. తురిమితే నోట్లో రవ్వలా తగులుతుంది కదా, ఇది తగల్లేదు. ఈ ఒక్క సంగతిలో సానరాయే గెలిచింది, ఎవరేమన్నా. పావు కాయ చాలన్నాను, అమ్మ అప్పటికే ఆపింది. జాజికాయ ఎక్కువైతే మంచిది కాదు. ఒకటి రెండు కాయలు మింగితే తల తిరగడం, గుండె దడ, వాంతులు వస్తాయి. పసిపిల్లలకు నిద్ర పట్టాలని అరగదీసి పెట్టే అలవాటు ఇప్పుడు వద్దనే షాపుకొచ్చే తల్లులకు చెబుతుంటాను. అమ్మ ముందు మాత్రం చెప్పలేదు.

మసాలా వడకట్టిన వేడి పాలను పచ్చసొనలోకి గరిటె గరిటెగా పోయడం మావాడు చేశాడు. మిగతాది అమ్మ చేతిలో. సెగ ఎంత తగ్గుతుందో అంత తగ్గించి, చెక్క గరిటెను గిన్నె అడుగు మీంచి ఎనిమిది అంకెలా తిప్పుతూ కూర్చుంది. ఐదు నిమిషాలు ఏమీ జరగలేదు. పైన తెల్ల నురగ, కింద పల్చటి పాలు. మావాడు మంట పెంచబోతే చేతి మీద ఒకటి పడింది. ఏడెనిమిది నిమిషాలకు ఆ నురగలో బుడగలు ఒక్కటొక్కటిగా చచ్చిపోవడం మొదలైంది. పైభాగం నున్నగా, పట్టుబట్టలా మెరిసింది. గరిటె తిప్పుతుంటే వెనక సన్నటి చాలు పడి మూసుకుంటోంది. "బరువెక్కింది" అంది అమ్మ. గరిటె పైకెత్తి వెనకవైపు వేలితో ఒక గీత గీసింది. గీత గీసినట్టే నిలబడింది, పాలు జారి మూసుకోలేదు. "దించు."

దించి ఊరుకుంటే కాదు. గిన్నె వేడికే లోపల ఇంకా ఉడుకుతుంది. పక్కనే బేసిన్లో ఐసు నీళ్ళు పెట్టుకున్నాం, గిన్నెను అందులో కూర్చోబెట్టి ఇంకో పది నిమిషాలు తిప్పాం. టీ జాలిలో వడకడితే అడుగున చెంచాడు గుడ్డు పోగులు మిగిలాయి. అమ్మ వాటి వైపు చూసి ముఖం చిట్లించింది, చెంచాడు కూడా మిగలకూడదని ఆమె లెక్క. చిటికెడు ఉప్పు, క్రీము, రెండు చుక్కల వెనిలా కలిపి ఫ్రిజ్‌లో పెట్టేశాం. సాయంత్రానికి లీటరున్నర పట్టే గిన్నెలో సుమారు 1,200 మి.లీ. లెక్క తేలింది.

చీకటి పడ్డాక దాన్ని రెండు సమానంగా పంచాం. 600 మి.లీ. స్టీలు జగ్గులో వంటింట్లోనే ఉంది. మిగతా 600 గాజు సీసాల్లో మిద్దె ఎక్కింది. నీళ్ళ ట్యాంకు పక్కన పాత స్టూలు మీద టార్చిలైటు వెలుగులో నేనూ మావాడూ బావా. కొలవడానికి నా దగ్గర ఉన్నది దగ్గు మందు సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూత, 10 మి.లీ. గీత వరకు. పన్నెండు మూతలు, అంటే 120 మి.లీ. చల్లటి పాలలో చల్లటి రమ్ము సన్నగా పోస్తూ బావ తిప్పాడు. ఈసారి ఆవిరి లేదు, విరగలేదు. రంగు లేత చాయ్ రంగుకు తిరిగింది. ముక్కు దగ్గర పెడితే మొదట జాజికాయ, తర్వాత యాలక, చివర్లో ఎక్కడో రమ్ము. అమ్మ పొయ్యి దగ్గర వద్దన్నది అక్షరాలా సరైన వంట సూత్రం. ఆమె ఆ ఉద్దేశంతో అనలేదు, అది వేరే సంగతి.

లెక్క కూడా వేశాను, అలవాటు పోదు కదా. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 600 మి.లీ.లో 120 కలిపితే మొత్తం 720, అందులో ఆల్కహాలు సుమారు 7 శాతం. చిన్న 100 మి.లీ. గ్లాసులో 17 మి.లీ. రమ్ము కూడా ఉండదు. ఇంత తక్కువ ఉన్నప్పుడు రమ్ము ఉంది కదా, చెడదులే అని బయట పెట్టకూడదు. ఇది పాలు గుడ్ల సరుకే. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో ముగించాలి. రెండు రకాలు కలిసిపోకుండా రమ్ము సీసాల మీద పైనుంచి కిందికి ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీశాను, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని యాంటీబయాటిక్ పట్టీల మీద ఉండే గీతలాగా.

క్యారల్స్ బృందం మా వీధికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. గిటారు, డోలక్, శాంతా క్లాజ్ వేషంలో చెమటలు కారుతున్న ఒక కుర్రాడు. వాళ్ళకందరికీ వంటింటి జగ్గులోదే పోశాం, చిన్న టీ గ్లాసుల్లో. పైన కొంచెం పొడి జాజికాయ, దానికి మాత్రం సానరాయి పనికిరాదు, అల్లం తురిమే పలక సన్న వైపు తురిమాం. "ఆంటీ, ఇది బాసుందా?" అని ఒకడు, "కస్టర్డా?" అని ఒకడు. శాంతా కుర్రాడు గడ్డం కిందికి లాగి మూడు గ్లాసులు తాగాడు.

వాళ్ళు పోయినాక మిద్దె మీద ఏడు గ్లాసులు. అందరూ 21 దాటినవాళ్ళే. అయినా పోసే ముందు ఒక్కొక్కర్నీ ఏం మాత్రలు వేసుకుంటున్నారని అడిగాను. అందరూ నవ్వారు. మా బావ స్నేహితుడు ఒకాయన పంటి నొప్పికి మెట్రోనిడజోల్ వాడుతున్నానన్నాడు. ఆ మాత్రతో మద్యం పడకూడదని పట్టీతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. ఆయన గ్లాసు తీసుకుని కిందికి పోయి జగ్గులోది పోయించుకొచ్చాను. బండి మీద వచ్చిన ఇంకో ఆయనకూ అదే. ఆయన కొంచెం అలిగాడు. పోనీ.

నేను తాగానా అని అడుగుతారు. ఒక గుక్క రుచి చూశాను, చేసినవాడిగా. చాలా బాగుంది. కింద జగ్గులోది ఇంకా బాగుంది. ఇది అమ్మకు భయపడి చెప్తున్న మాట కాదు. రమ్ము ఒక వెచ్చదనం తెస్తుంది, తీపిని కొంచెం కోస్తుంది, నిజమే. కానీ ఆ నున్నదనం, నాలుక మీద ఆలస్యంగా విచ్చుకునే జాజికాయ, అదంతా పొయ్యి దగ్గర ఆ ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. మావాడు ఒప్పుకోలేదు. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టుకుని బావ ఎంతకీ తీర్పు చెప్పలేదు, రెండూ ఖాళీ చేశాడు.

క్వార్టర్లో 60 మి.లీ. మిగిలింది. ఆ సీసా ట్యాంకు వెనకే ఉండిపోయింది. క్రిస్మస్ ఆరాధన అయిపోయి, బిర్యానీలు అయిపోయి, మావాడు తిరుగు ప్రయాణానికి సూట్‌కేసు సర్దుకుంటుంటే అమ్మ వాడి మంచం పక్కన కూర్చుంది. పాత గుడ్డలో మూట కట్టిన రెండు జాజికాయలు వాడి చేతిలో పెట్టింది. "ఆడ తురుముకోవద్దు. ఏదన్నా నున్నటి రాయి చూసుకో. ఈసారి వచ్చినప్పుడు చక్కెర తగ్గిద్దాం, తీపి ముందుకొచ్చింది" అంది. లేచి గుమ్మం దాకా పోయి నా వైపు తిరిగింది.

"ఆ మిద్దె మీది సీసా ఆదివారం లోపల తీసేయి. పనిపిల్ల బట్టలారేయడానికి పైకి పోతాంది."